120 అంటే 140 అని అర్థమట

మన హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద కార్ల స్పీడ్ లిమిట్‌ను 2023లో గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెంచారు. నిన్న గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వెళ్తూ కుడి లేన్‌లో సరిగ్గా 120లో పోతున్నాను. వెనకాల ఒక తెల్ల ఎస్‌యూవీ లైట్లు కొట్టీ కొట్టీ విసిగించి, చివరికి ఎడమ పక్కనుంచి దూరి వెళ్లిపోయింది. లిమిట్ ఇరవై పెరిగితే దాన్ని దాటే వాళ్లూ ఇంకో ఇరవై పెంచుకున్నారు, అంతే.

సరే, 100కు బదులు 120లో పోతే మిగిలే టైమెంత? పాతిక కిలోమీటర్లకు రెండున్నర నిమిషాలు. టోల్ దగ్గర ఫాస్టాగ్ మొరాయిస్తే అదీ హుళక్కే. కదిలే బండి శక్తి వేగం వర్గాన్ని (వేగం ఇంటూ వేగం) బట్టి పెరుగుతుంది కాబట్టి, గుద్దుకుంటే దెబ్బ మాత్రం 44 శాతం ఎక్కువ. పైగా 120లో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది.

నాకు అసలు టెన్షన్ లారీలతోనే. లోడుతో యాభైలో పాకే టిప్పర్ సడన్‌గా మన లేన్‌లోకి వస్తే, ఆ డెబ్బై తేడా అంతా మన బ్రేకు మీదే పడుతుంది.

ఇంకో తమాషా. ఎగ్జిట్ దిగి సర్వీస్ రోడ్డు ఎక్కాక ఎనభై కూడా నత్తనడకలా అనిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ కనిపించేదాకా ఎవరూ కాలు తీయరు.