జగిత్యాలలో మిషన్ బేరం

అత్తమ్మ పొద్దున్నే సంచి సర్దింది. గజం కాటన్ గుడ్డ, మా ఆయన పాత జీన్స్ కాలు ఒకటి, 16 నంబరు సూదులు, నల్ల దారం, తెల్ల దారం, చిన్న స్క్రూడ్రైవరు. కుట్టు మిషన్ కొనడానికి మిషన్ తప్ప అన్నీ పట్టుకుపోతున్నట్టుంది. ఆమె మనవరాలు, అంటే మా ఆడబిడ్డ కూతురు, టైలరింగ్ నేర్చుకుంది. దానికోసం.

ముందు కరీంనగర్‌లో ఒక షోరూంకి వెళ్ళాం. డెమోకి వాడిన జిగ్‌జాగ్ మిషన్, ధర బాగా తగ్గిస్తామన్నారు. తళతళలాడుతోంది. వారంటీ బిల్లు వేసిన రోజు నుంచేనా, ఎన్నాళ్ళు డెమోలో ఉంది అని అత్తమ్మ అడిగింది. మొదటిదానికి జవాబొచ్చింది, రెండోదానికి నవ్వొచ్చింది. "వచ్చినోళ్ళల్లా తలా ఒక కుట్టు ఏసి పోయిన మిషను, నూనె ఎవరు పోసిండ్రో ఏమో" అంది బయటికొచ్చాక. నాకైతే నచ్చింది. నోరెత్తలేదు.

అక్కణ్ణుంచి జగిత్యాల బస్సు. అక్కడ ఒకాయన పాత మిషన్ అమ్ముతున్నాడు, వాళ్ళ నాన్న టైలరట. నల్ల సింగర్, పోత ఇనుము స్టాండు. ధర 60,000 అన్నాడు! 2009లో ఈ అమ్మేవాడు సౌదీలోని దమ్మాంలో ఉన్నాడు. ఆ ఏప్రిల్‌లో సౌదీ అంతా ఒకటే పుకారు: పాత సింగర్ మిషన్లలో రెడ్ మెర్క్యురీ అనే ఏదో మాయ పదార్థం ఉందని, దాంతో నిధులు దొరుకుతాయని. సూది దగ్గర సెల్‌ఫోన్ పెడితే సిగ్నల్ పోవాలట, అదే పరీక్ష. ఒక్కో మిషన్ 2,00,000 రియాళ్ళ దాకా పలికిందని వార్తలొచ్చాయి. "అబద్ధమని నాకూ తెల్సు పెద్దమ్మా, గని పాతదానికి ఇలువ ఉంటది గదా" అన్నాడు.

నేను మిషన్ మీది సీరియల్ నంబరు చూశాను. ముందు వై అక్షరం ఉంది. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది, 1935 లోపుది అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఇలాంటివి లక్షల్లో చేశారు, అరుదేం కాదు అనేసరికి ఆరిపోయింది. రెండో మాట ముందే చెప్పాల్సింది.

అత్తమ్మకి ఇవేం పట్టలేదు. బెల్టు తప్పించి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పింది, ఎక్కడన్నా పట్టేస్తుందేమోనని. సూది కడ్డీ పట్టుకుని ఊపి చూసింది. సూది దిగే పలక మీద గీతలున్నాయా, గుడ్డను జరిపే పళ్ళు అరిగాయా అని వేలితో తడిమింది. బంగారు రంగు పూలు సగం చెరిగిపోయాయి, వాటి వంకైనా చూడలేదు. పైన నల్ల దారం, బాబిన్‌లో తెల్లది. కింది దారం పైకి తేలితే టెన్షన్, అంటే దారం బిగువు, తేడా ఇట్టే తెలుస్తుంది. కాటన్ మీద కుట్టు ముత్యాల్లా వచ్చింది. జీన్స్ నాలుగు మడతల మీద మాత్రం రెండు చోట్ల కుట్టు ఎగిరింది. సూది మార్చినా అంతే. షటిల్, అంటే సూది తెచ్చిన దారాన్ని కింద పట్టుకునే కొక్కెం, తీసి దాని కొన మీద గోరుతో గీకింది. "కొన అరిగింది బిడ్డా, షటిల్ మార్చాలె." పర్లేదు, ఇది సింగర్ 15 మోడల్. మన ఉషా నల్ల మిషన్లూ ఆ నమూనావే కాబట్టి సామాను దొరుకుతుంది.

సరిగ్గా అప్పుడు, సూది పక్కనే పెట్టిన నా ఫోను మోగింది. మా ఆయన. మాట గణగణమని వినిపిస్తోంది. అమ్మేవాడు ఫోను వంక, సూది వంక చూసి పగలబడి నవ్వాడు. అక్కడే బేరం తెగింది.

5,500. షటిల్, బెల్టు ఖర్చు మాదే. కొత్త నల్ల మిషన్‌కి 9,000 చెప్పారు కాబట్టి నాకు మరీ చవకనిపించలేదు. అత్తమ్మ మాత్రం స్టాండు బరువు చూడమంటుంది. చూశాను, ఆటోలోకి ఎక్కించింది నేనే కదా. నడుం ఇంకా పట్టేసే ఉంది.