సుద్దకొండల అంచున తాడు పట్టినవాళ్లు

బ్రైటన్ నుంచి ఈస్ట్‌బోర్న్ వైపు వెళ్లే బస్సులో ఎక్సీట్ దగ్గర దిగితే సెవెన్ సిస్టర్స్‌కు నడకదారి మొదలవుతుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, సముద్రం ఒడ్డున నిట్రంగా లేచిన తెల్లటి సుద్దకొండల వరస అది. బ్రైటన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు నాకు తోడు వచ్చింది. మెలికలు తిరిగే కక్‌మియర్ నది పక్కనే సముద్రం దాకా నడిచాం. ఏటికి అవతలి గట్టున కొన్ని పాత ఇళ్లు కనిపిస్తాయి. ఈ కొండల ఫొటోల్లో చాలావాటిలో ముందువైపు ఉండేవి అవే. 1820ల్లో కోస్ట్‌గార్డ్ కాపలావాళ్ల కోసం కట్టిన ఇళ్లు.

బ్రిటన్‌లో కోస్ట్‌గార్డ్ 1822లో ఏర్పడింది. అప్పట్లో దాని ముఖ్యమైన పని దొంగచాటుగా సరుకు దింపేవాళ్లను పట్టుకోవడం. ఇప్పుడు మనుషుల్ని కాపాడడం. ఒడ్డున ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లే. దేశమంతటా సుమారు 3,500 మంది ఉంటారు. ఒకరు టీచరు, ఒకరు మెకానిక్, ఇంకొకరు రైతు. పేజర్ మోగగానే చేస్తున్న పని వదిలేసి స్టేషన్‌కు పరుగెత్తుతారు.

ఏటి ఒడ్డు దాటాక ఎక్కడమే. ఒక కొండ ఎక్కి, దిగి, మళ్లీ ఇంకోటి. గాలి మనిషిని నిలబడనివ్వదు. కాళ్ల కింద పొట్టి గడ్డి, మెత్తగా, చాలా నమ్మకంగా ఉంటుంది. ఆ నమ్మకమే ప్రాణం మీదకు తెస్తుంది. దారి పొడవునా అంచుకు వెళ్లొద్దని బోర్డులున్నాయి. అయినా కాళ్లు బయటికి వేలాడేసి కూర్చున్నవాళ్లను, వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీసుకుంటున్నవాళ్లను చూస్తూనే ఉన్నాం. 2017 జూన్‌లో ఇక్కడే ఫొటో కోసం అంచు దగ్గర గాల్లోకి ఎగిరిన ఒక విద్యార్థిని కింద పడి చనిపోయింది. మా మేనకోడలి వయసుదే. ఆ సంగతి తెలిశాక ఆ సెల్ఫీలు చూస్తుంటే కడుపులో దేవినట్టయింది.

పైనుంచి చూస్తే తెలియని విషయం ఒకటుంది. అలలు కొండ అడుగును తొలుస్తుంటాయి. వాన నీరు పగుళ్లలోకి దిగి, చలికి గడ్డకట్టి పగులును ఇంకా తెరుస్తుంది. ఏదో ఒక రోజు ముందస్తు సూచన లేకుండా పెద్ద పెళ్ల విరిగి పడుతుంది. ఈ తీరం మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, వేల ఏళ్ల పాటు కొండ ఏడాదికి 2 నుంచి 6 సెంటీమీటర్లు వెనక్కి తగ్గుతూ వచ్చింది. గత 150 ఏళ్లలో అది 22 నుంచి 32 సెంటీమీటర్లకు పెరిగింది. ఇది సగటు లెక్క. కొండ మాత్రం సగటున రోజూ ఇంతని అరగదు, ఒక్కసారే మీటర్ల మేర కూలుతుంది. తర్వాత, ఈ కొండల వరస చివర ఉన్న బర్లింగ్ గ్యాప్ దగ్గర మెట్లు దిగి బీచ్ నుంచి తలెత్తి చూశాం. కొన్నిచోట్ల గడ్డి అంచు చూరులా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని కింద ఏమీ లేదు.

చివరి కొండ దిగబోయే ముందు నీలం, పసుపు గళ్ల బండి ఒకటి, దాని చుట్టూ కొంతమంది కనిపించారు. టెన్షన్‌గా దగ్గరికి వెళ్తే, "ప్రాక్టీస్ అట మావయ్యా, ఎవరికీ ఏం కాలేదు" అంది మా అమ్మాయి. కట్టిన టేపుకి ఇవతల నిలబడి చూడొచ్చన్నారు. మిగతా నడక సంగతి మర్చిపోయి అక్కడే ఉండిపోయాం.

అంచుకు బాగా వెనక, సమ్మెటతో పొడవాటి ఇనుప మేకులు నేలలోకి దిగ్గొడుతున్నారు. ఒకదాని వెనక ఒకటి దిగ్గొట్టి, వాటిని ఒకదానికొకటి బిగించి కట్టారు. దిగే మనిషి ప్రాణం ఆ మేకుల మీదే ఆధారపడుతుంది కాబట్టి, ఒకరు కట్టిన ముడిని ఇంకొకరు వచ్చి చేత్తో తడిమి, లాగి చూశాకే తర్వాతి పని. తాళ్లు రెండు. ఒకటి బరువు మోసేది, రెండోది మొదటిదానికి ఏమైనా అయితే మనిషిని ఆపేది. అంచు దగ్గర తాడు ఒరుసుకోకుండా కింద రక్షణ వేశారు. సుద్దలో చెకుముకి రాళ్లు పొదిగి ఉంటాయి, వాటి అంచు కత్తి కంటే ఏం తక్కువ కాదు.

దిగాల్సిన అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని, తాళ్లు తగిలించుకుని నిలబడి ఉంది. ఇద్దరు విడివిడిగా వచ్చి ఆమె నడుము పట్టీ నుంచి ప్రతి బకిల్‌నూ చూశారు. నాయకుడు అందరినీ ఒక్కొక్కరిగా "రెడీయేనా?" అని అడిగాడు. ఆమె వీపు సముద్రం వైపు పెట్టి, మెల్లగా వెనక్కి వాలి, అంచు మీంచి కిందకి మాయమైంది. అంచు దగ్గర తాడు కట్టుకుని నిలబడ్డ ఒకతను కిందకి చూస్తూ వెనకున్నవాళ్లకు చెబుతున్నాడు: "నెమ్మదిగా... నెమ్మదిగా... ఆపండి." జట్టులో ఎవరు "ఆపండి" అన్నా అంతా ఆగాల్సిందే, కారణం తర్వాత అడుగుతారు.

నన్ను కట్టిపడేసింది ఆ నిదానమే. రెస్క్యూ అంటే పరుగులూ కేకలూ అనుకుంటాం. పరుగంతా స్టేషన్‌కు చేరేదాకానే, అంచు దగ్గరికొచ్చాక తొందర లేదు. తొందరపడితే కాపాడాల్సినవాళ్లు ఒకరికి ఇద్దరవుతారు. కింద చిక్కుకున్న మనిషికి సరిగ్గా నెత్తిమీద కూడా దిగరు, కొంచెం పక్కగా దిగుతారు. తాడు కదిలితే రాలే సుద్ద ముక్క కూడా తల పగలగొట్టగలదు. సినిమాల్లో తాడుకు వేలాడే మనిషినే చూస్తాం. ఆరోజు నాకు తాడు చివర పట్టుకుని నిలబడ్డవాళ్ల మీదే గౌరవం కలిగింది. వాళ్లకు కింద ఏం జరుగుతోందో కనిపించదు. చెవిన పడ్డ మాట ప్రకారం తాడు వదలాలి, పట్టాలి.

టేపు దగ్గరున్న పెద్దాయన్ని, ఎక్కువగా ఎలాంటి కాల్స్ వస్తాయని అడిగాం. పోటు వచ్చే వేళ చూసుకోకుండా బీచ్ వెంట నడిచేవాళ్లవి చాలా ఉంటాయన్నాడు. కక్‌మియర్ నుంచి బర్లింగ్ గ్యాప్ దాకా మూడు కిలోమీటర్లకు పైగా కొండ గోడే, మధ్యలో పైకి దారి లేదు. నీళ్లు గోడ దాకా వచ్చేస్తాయి. లైఫ్‌బోట్ చేరగలిగితే దాన్ని, లేకపోతే హెలికాప్టర్‌ని పిలుస్తారు, కొన్నిసార్లు తాళ్లతో వీళ్లే దిగుతారు. కుక్కలు కూడా పడుతుంటాయట, సీగల్ వెంటపడి అంచు చూసుకోక. "కుక్క కోసం కూడా ఇంతమంది వస్తారా?" అంది మా అమ్మాయి. "మేం రాకపోతే దాని యజమాని దిగుతాడు" అన్నాడాయన. కొన్ని కాల్స్ గురించి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

దిగిన అమ్మాయి, గాయపడ్డట్టు నటించిన తోటి వాలంటీర్‌తో పైకొచ్చింది. ఇద్దరి బట్టలూ తెల్లగా సుద్దమయం. ఇక అయిపోయిందనుకున్నాను గానీ, అప్పుడు తాళ్ల పరీక్ష మొదలైంది. ప్రతి తాడునూ వేళ్ల మధ్య నుంచి అంగుళం అంగుళం లాగుతూ ఎక్కడైనా మెత్తబడిందా, పీచు లేచిందా అని చూడడం, వాడకాన్ని రాసిపెట్టడం. ఏ మాత్రం అనుమానమొచ్చినా ఆ తాడును మళ్లీ మనిషికి కట్టరు.

"చేరాలంటే ఏం కావాలి?" అని మా అమ్మాయి అడిగింది. పద్దెనిమిదేళ్లు నిండాలి, స్టేషన్‌కు దగ్గర్లో ఉండాలి, వారాల తరబడి ట్రైనింగ్‌కు రావాలి, అర్ధరాత్రి పిలిస్తే లేవాలి. ఎత్తంటే భయమున్నవాళ్లకు కూడా పని ఉంటుందట. తాడు పట్టేవాళ్లు, వెతికేవాళ్లు, రేడియో చూసేవాళ్లు లేకపోతే ఒక్కరు కూడా దిగలేరు. అంచు దగ్గర ఎవరైనా ఆపదలో కనిపిస్తే తామే దగ్గరికి వెళ్లకుండా అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి "కోస్ట్‌గార్డ్" అని చెప్పమని ఆయన మాకు గట్టిగా చెప్పాడు. ఆ నంబరు తన ఫోన్లో ఉందని మా అమ్మాయి చూపిస్తే, "నంబరు సరే, ఎక్కడున్నారో చెప్పగలరా?" అని అడిగి, ఫోన్లో తామున్న చోటును ఎలా చూసి చెప్పాలో అక్కడే నేర్పించాడు.