బలి భయపడినది ఒక్కదానికే

నిరయమునకుఁ బ్రాప్త నిగ్రహంబునకునుఁ
బదవిహీనతకును బంధనమున
కర్థభంగమునకు నఖిల దుఃఖమునకు
వెఱవ దేవ! బొంక వెఱచినట్లు

పోతన భాగవతం అష్టమ స్కంధంలో బలి చక్రవర్తి వామనుడితో అన్న మాట ఇది. నరకం వచ్చినా, శిక్ష పడినా, పదవి పోయినా, బంధించినా, సంపద నశించినా, ఉన్న దుఃఖమంతా మీద పడినా నాకు భయం లేదు స్వామీ, అబద్ధమాడడానికి భయపడినంతగా వీటిలో దేనికీ భయపడను అంటున్నాడు. ఈ పద్యం పలికే వేళకు బలి ఏ స్థితిలో ఉన్నాడో గుర్తుంచుకొని చదవాలి. వామనుడు దానమడిగిన మూడడుగుల్లో రెండడుగులతోనే లోకాలన్నీ చేజారిపోయాయి. గరుత్మంతుడు వరుణ పాశాలతో కట్టివేశాడు. మూడో అడుగుకు చోటు చూపకపోతే నరకమే గతి అని స్వామి స్వయంగా చెప్పాడు. పద్యంలో చెప్పిన కష్టాల్లో నరకం తప్ప తక్కినవన్నీ అప్పటికే అతడి మీద పడ్డాయి. సింహాసనం మీద కూర్చుని చెప్పిన నీతి కాదిది.

బలి తనకు భయమే లేదనలేదు. ఆ నిజాయితీ నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. అతడికీ ఒక భయం ఉంది. మనం వేటికి భయపడతామో వాటి పక్కన దాన్ని పెట్టి, ఇది వాటన్నిటికంటే పెద్దది అన్నాడు. మన భయాలన్నీ ఉద్యోగం గురించి, ఇంటి అప్పు గురించి, నలుగురిలో చులకన కావడం గురించి. మనస్సాక్షికి వెరవడమనేది చాలామంది విషయంలో ఆ వరుసలో చిట్టచివర ఉంటుంది.

ఈ కథ చెప్పేటప్పుడు శుక్రాచార్యుడిని పుణ్యకార్యానికి అడ్డుపడిన వాడిగా చూపి, కుశాగ్రంతో ఒక కన్ను పోగొట్టి పక్కకు తప్పిస్తాం. అది న్యాయం కాదు. ఇంద్రుడి చేతిలో పడిపోయిన బలికి తిరిగి ప్రాణం పోసింది ఆయనే. విశ్వజిత్ యాగం చేయించి, దివ్యరథం ఇప్పించి, స్వర్గాన్ని గెలిపించింది ఆ భృగువంశం వారే. నర్మదా తీరాన యాగశాలకు వచ్చిన పొట్టి వడుగు, ఆ బాల బ్రహ్మచారి, ఎవరో మొదట గుర్తుపట్టిందీ ఆయనే. వచ్చినవాడు విష్ణువు, త్రివిక్రముడై బ్రహ్మాండమంతా నిండుతాడు, నీకు నిలువ నీడ మిగలదు అని చెప్పాడు. అందులో ఒక్క మాట పొల్లు పోలేదు. శిష్యుడి మేలు కోరి, జరగబోయేది జరగబోయినట్లే చెప్పిన గురువు ఆయన.

ఇచ్చిన మాట తప్పమని ఆయన చూపిన దారి కూడా అడ్డదారిలా కనిపించదు. శాస్త్రం ఎరిగినవాడి మాటలా ఉంటుంది:

వారిజాక్షులందు వైవాహికములందుఁ
బ్రాణవిత్తమానభంగమందుఁ
జకిత గోకులాగ్రజన్మ రక్షణమందు
బొంకవచ్చు నఘము పొంద దధిప!

భయపడి పారిపోతున్న ఆవును కాపాడడానికి ఒక అబద్ధమాడితే ఎవరు తప్పు పడతారు? ప్రాణం పోయేచోట బొంకితే దోషమని ఏ దయగలవాడు అంటాడు? నాకూ ఆ మాటలు తప్పుగా తోచవు. అయితే ప్రాణానికీ మానానికీ మధ్య ‘విత్తం’ ఎంత నెమ్మదిగా వచ్చి కూర్చుందో చూడండి. ఎదుటి జీవిని కాపాడడానికి ఉన్న మినహాయింపు పక్కనే, నా సొమ్ము కాపాడుకోవడానికీ ఒక మినహాయింపు చేరిపోయింది. మనం మనస్సాక్షిని పక్కన పెట్టేటప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది. దయకోసం ఉన్న సడలింపును స్వార్థానికి వాడుకుంటాం. ‘పిల్లల కోసం’ అంటాం.

వేయని రోడ్డుకు కొలతలు రాసి సంతకం పెట్టమంటే వెనుకాడే ఇంజనీరు ఉంటాడు. అతడికి ఇంట్లో ఏం చెబుతారు? ‘ఒక్క సంతకమే కదా, నువ్వు కాకపోతే ఇంకొకరు పెడతారు. అమ్మాయి చదువు మధ్యలో ఉంది, మారుమూలకు బదిలీ చేస్తే ఎలా?’ చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. తల్లి, భార్య, బావమరిది, పదవీ విరమణ చేసిన పెద్దాయన. వాళ్లకు అతడంటే ప్రాణం. వాళ్లు చెప్పే నష్టం కూడా నిజంగానే వస్తుంది. అందుకే అది అంత కష్టం. శత్రువు చెబితే తోసిపుచ్చవచ్చు, మన అన్నం పళ్లెం ముందు కూర్చున్నవాళ్లు చెబితే ఏం చేస్తాం?

బలి గురువు లెక్కను తప్పు పట్టలేదు. మీరన్నది నిజమేనని ఒప్పుకొని, ఆ తర్వాత ‘కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?’ అని అడిగాడు. ఎంతమంది రాజులు రాలేదు, ఎవరు మూట కట్టుకుపోయారు అని. చిన్నప్పుడు బడిలో ఈ పద్యాన్ని రాగం తీసి అప్పజెప్పిన తరాలకు అది ఇప్పటికీ నోటికి వస్తుంది. దాని వెంట వచ్చే మరో మాటకు మాత్రం తగినంత గౌరవం దక్కలేదనిపిస్తుంది: ‘హరుడైనన్ హరియైన నీరజభవుండభ్యాగతుండైన నౌఁ, దిరుగన్ నేరదు నాదు జిహ్వ’. వచ్చినవాడు విష్ణువని తెలిసి పులకించాడు నిజమే. లక్ష్మీదేవిని తాకిన ఆ చెయ్యి కింద, నా చెయ్యి పైన ఉండడం కంటే ఏం కావాలి, రాజ్యము గీజ్యమూ ఎందుకు అని మురిసిపోయాడు. అయినా మాట నిలుపుకోవడం మాత్రం అడిగినవాడి గొప్పను బట్టి కాదు. ఎవరు వచ్చినా నాలుక తిరగదు, అంతే.

తప్పించుకోవడానికి శుక్రుడు చెప్పినదాని కంటే గట్టి సాకు తర్వాత బలికి దొరికింది. దానం అడిగినప్పుడు ఉన్నవి వడుగు పాదాలు, కొలిచినవి త్రివిక్రముడి పాదాలు. ఇది మోసమని అతడి సైన్యమే ఆయుధాలు పట్టింది. ఏ న్యాయసభలోనైనా వాదించదగిన మాట అది. బలి ఆ మాట ఎత్తలేదు, సైన్యాన్నే వెనక్కి మళ్లించాడు. ‘సూనృతంబుఁ గాని నుడియదు నా జిహ్వ’ అంటూ మూడో అడుగుకు తన తల చూపాడు. ఇంతవరకూ వచ్చాక కూడా, భార్య వింధ్యావళి కళ్ల ముందే బలి బంధాలలో నిలబడ్డాడు. ధర్మం ఎంచుకున్నవాడు తానొక్కడే బాధపడతాడని అనుకోకూడదు. ఇంట్లోవాళ్లూ ఆ బరువు మోస్తారు. వింధ్యావళి మాత్రం భర్తను నిందించలేదు. ఈ లోకాలు నీ ఆటకోసం నువ్వు చేసుకున్నవి, వాటికి వేరొకరు ప్రభువునని అనుకోవడం అవివేకం అని స్వామికే చెప్పింది.

ఆ తర్వాత బలికి అధోలోకాల్లో ఒకటైన సుతలం దక్కింది, స్వామి దాని వాకిట కాపలా నిలిచాడు, రాబోయే సావర్ణి మన్వంతరంలో బలికి ఇంద్రపదవి ఖాయమైంది. మనం ఇక్కడికి తొందరగా పరుగెత్తి, ‘చూశారా, ఒకటి ఇస్తే పది వచ్చాయి’ అని పిల్లలకు చెప్పేస్తాం. అలా చెబితే బలిని వ్యాపారిని చేసినట్లే. నీళ్లు ధారపోసిన క్షణంలో అతడికి సుతలం మాట తెలియదు. తెలిసినదల్లా సర్వం పోతుందని. ‘ఎవ్వనిఁ గరుణింప నిచ్ఛయించితి వాని యఖిల విత్తంబు నే నపహరింతు’ అని స్వామి తన దయ ఎలా ఉంటుందో చెప్పింది కూడా అంతా తీసుకున్నాకే. ఆ సంతకం పెట్టని ఇంజనీరుకు సుతలం దొరకకపోవచ్చు. అతడు బదిలీపై వెళ్లిన ఊళ్లోనే పదవీ విరమణ చేయవచ్చు. అప్పుడు కూడా అతడు చేసింది ఎంతమాత్రం తక్కువ కాదు.

భాగవతం శుక్రుడిని శాపం దగ్గర వదిలేయలేదు. తన మాట మీరినందుకు ఐశ్వర్యం కోల్పోవాలని బలిని శపించిన ఆ గురువునే పిలిచి, నీ శిష్యుడి యాగంలో మిగిలిన లోపాలు నువ్వే పూరించు అన్నాడు స్వామి. మీరే స్వయంగా వచ్చి అందుకున్న యాగానికి లోపమేమిటి అంటూనే, ఆయన కూర్చుని తక్కిన క్రతువంతా పూర్తి చేశాడు. బలి గురువు మాట కాదన్నాడు గానీ ఆయనను ఒక్క పరుషమైన మాట అనలేదు. మనల్ని ఆపబోయిన మనవాళ్లతో ఎలా మాట్లాడాలో ఇక్కడ నేర్చుకోవచ్చు. భాద్రపద శుద్ధ ద్వాదశి, వామన జయంతి నాడు ఈ ఘట్టం పారాయణ చేసేవారు శుక్రుడి పద్యాలు వదలకుండా, ఆయన పక్షాన నిలబడి, గట్టిగా చదవండి. ఆ తర్వాతే బలి మాట చదవండి.