వేళ చూశాను, తిథి చూడలేదు

అబుదాబిలోని షేక్ జాయెద్ మసీదు చూడాలనుకున్నప్పుడు ముందు టికెట్ ధర కోసం వెతికాను. ప్రవేశం ఉచితమట. కాకపోతే ఇంటర్నెట్‌లో ముందే పేర్లు నమోదు చేసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు ఉంటుంది కనుక మంగళవారం ఎంచుకున్నాను. ఎండలోనూ దీపాల్లోనూ చూడాలన్న ఆశతో సూర్యాస్తమయానికి గంటన్నర ముందు వేళ తీసుకున్నాను. ఇంత చేసి, బట్టల నిబంధన సగమే చదివాను.

తల కప్పుకోవడానికి అమ్మకు చీర కొంగు ఉందిగా అనుకున్నాను. చేతులు మణికట్టు దాకా కప్పుకోవాలన్న సంగతి నా కంట పడలేదు. అమ్మది మోచేతుల జాకెట్టు. ద్వారం దగ్గర ఉద్యోగిని నవ్వుతూనే ఆపేసింది. నేలమాళిగలోని దుకాణాల్లో అబాయా, అంటే ఒళ్లంతా కప్పే వదులు అంగీ, కొన్నాం. నేను ధర దగ్గర నసుగుతుంటే, "దేవుడి దగ్గరికి వచ్చి బేరాలేమిటే, ఇటు ఇవ్వు" అని అమ్మ చీర మీదే తొడుక్కుంది.

82 గుమ్మటాలు, వెయ్యికి పైగా స్తంభాలు. లెక్కలు చదివి వెళ్లినా తెల్లటి ముంగిట్లో నిలబడగానే అవన్నీ మరిచిపోయాను. పాలరాతిలో పొదిగిన తీగలు స్తంభాలను అల్లుకుని పైకి పాకుతున్నాయి. లోపల అందరి తలలూ బ్రహ్మాండమైన షాండ్లియర్ వైపు లేచాయి. అమ్మ మాత్రం కిందికే చూసింది. ఇరాన్‌లో వెయ్యి మందికి పైగా చేత్తో నేసిన తివాచీ అది, 5,627 చదరపు మీటర్లు. నమాజుకు వరుస తప్పకుండా నిలబడేందుకు, ఉన్నిని అక్కడక్కడ కత్తిరించి సన్నటి గీతలు తేల్చారని గైడు చెప్పాడు. చాలాసేపు కళ్లు చికిలించి వెతికాకే నాకు ఒక గీత దొరికింది.

బయటికి వచ్చేసరికి చీకటి పడింది. గోడల మీద లేత నీలం. పున్నమికి తెల్లగా, చంద్రుడు తరిగేకొద్దీ నీలం చిక్కబడేలా దీపాలు అమర్చారట. ఆ మాట విని అమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది.

"ఇవాళ బహుళ సప్తమి. ఇంకో వారం ఆగితే చిక్కటి నీలం చూసేవాళ్లం. వేళ చూశావు గానీ, తిథి చూడలేదు" అంది.