రిపోర్టులో కనిపించని సంగతులు

డెట్రాయిట్ శివార్లలో ఉద్యోగం చేసుకునేవాడికి కారు విలాస వస్తువు కాదు. మా ఆఫీసు వైపు బస్సు లేదు. పాప డే కేర్ ఒక దిక్కు, ఆఫీసు ఇంకో దిక్కు. కారు రిపేరుకు వెళ్లిందంటే ఆ రోజు పనంతా తలకిందులే. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. అలాంటి నాకు ఈ స్పోర్ట్స్ సెడాన్ ఎంతో నచ్చింది. నాలుగు డోర్లు, టర్బో ఇంజిన్, పెద్ద డిక్కీ. ఇంటిల్లిపాదికీ సరిపోతుంది, నడపడానికీ హుషారుగా ఉంటుంది అని చెప్పి అమ్మే రకం. సెకండ్ హ్యాండ్‌లో ధర కూడా మాకు అందేలా ఉంది.

చూడాల్సినవన్నీ చూశాకే కొన్నాం. కారు గత చరిత్ర చెప్పే హిస్టరీ రిపోర్టులో యాక్సిడెంట్లు లేవు. కారు గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి 17) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొట్టి చూస్తే పెండింగ్ రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినా ఇంకా సరిచేయనివి కూడా లేవు. అద్దానికి అంటించిన బయ్యర్స్ గైడ్‌లో ‘యాజ్ ఈజ్’ దగ్గర టిక్కు ఉంది. ఆ కాగితం పెట్టడం డీలర్లకు ఫెడరల్ రూల్. ఆ టిక్కు ఉంటే తర్వాత వచ్చే రిపేర్ల ఖర్చు మనదే. అందుకని బయటి మెకానిక్‌కి కూడా చూపించాను. బ్రేకులు, సస్పెన్షన్, ఆయిల్ లీకులు అన్నీ చూసి బాగుందన్నాడు.

చలికాలం వచ్చేసరికి పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణకడం మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ వణుకు స్టీరింగ్ పట్టుకున్న చేతులకు తెలిసేది. మెకానిక్ ఇంజిన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఊడదీసి నన్ను లోపలికి పిలిచాడు. టార్చి వేసి చూపిస్తే వాల్వుల వెనక నల్లటి మసి గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా రాలింది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, వాల్వుల వెనక భాగాన్ని కడగదు. ఆయిల్ ఆవిరి అక్కడే పేరుకుపోతుంది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి దాన్ని శుభ్రం చేస్తారు. పైపైన చూసే ఏ తనిఖీలోనూ ఇది బయటపడదు. కారుని ముందు ఓనర్ ఎలా నడిపాడో, ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్పించాడో రిపోర్టు అంతా చెప్పదు. నన్ను బాధపెట్టింది అదే.

ఇక టైర్లు. పక్కన 245/40 అని ఉంటుంది. అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, అందులో 40 శాతం ఎత్తు. రిమ్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న రబ్బరు పది సెంటీమీటర్లు కూడా లేదు. మా మిషిగన్ రాష్ట్రంలో నీళ్లు పగుళ్లలోకి దిగి, గడ్డకట్టి, కరిగి రోడ్డును పెకలించేస్తాయి. మార్చి వచ్చేసరికి ఎక్కడ చూసినా గుంతలే. ఒక గుంతలో పడగానే టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది. అలా ఉబ్బిన టైరును బాగుచేయరు, మార్చాల్సిందే. పైగా అవి సమ్మర్ టైర్లు, ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోతే పట్టు తగ్గుతుంది. చలికాలానికి ఇంకో సెట్టు కొనక తప్పలేదు. పెట్రోల్ కూడా 91 ఆక్టేన్ ప్రీమియమే పోయాలి, మామూలు 87 కాదు.

ఇవన్నీ సర్దుకోవచ్చేమో. కుటుంబం కోసమని అమ్మిన కారులో కుటుంబానికి చోటు లేకపోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు. అందం కోసం పైకప్పును వెనక్కి వాల్చేశారు. పాపని పిల్లల కార్ సీట్లో కూర్చోబెట్టడానికి వంగిన ప్రతిసారీ మా ఆవిడ తల డోర్ ఫ్రేముకి తగిలేది. వెనక్కి తిరిగి ఉండే కార్ సీటు బిగిస్తే ముందు సీటు బాగా ముందుకు జరపాలి. ‘‘ఏమండీ, మోకాళ్లు డాష్‌బోర్డుకి ఆనుతున్నాయి’’ అని తను అన్న రోజున నాకు చాలా కష్టమనిపించింది.

నడపడంలో మాత్రం వంక పెట్టలేను. ఐ-696 హైవే ఎక్కే ర్యాంప్ మీద యాక్సిలరేటర్ నొక్కగానే అది అందుకునే వేగం, మలుపులో నిలబడే తీరు నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడికి ఆ సుఖం ర్యాంప్ వరకే.

కారు అమ్మకానికి పెట్టాం. సర్వీస్ బిల్లులు, వాల్వుల ఫోటోలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి, చూడ్డానికి వచ్చినవాళ్ల చేతికి ముందు అదే ఇస్తున్నాను.