ఉత్తరం గేటు

ఈ ఇంట్లో దారి చెప్పే పెత్తనం ఆయనది, తప్పిపోయే పని నాది. మీకు కొత్తేమీ కాదు.

"ఉత్తరం గేటు దగ్గర ఉంటాను" అన్నారు ఫోనులో. ఎడమ, కుడి అని చెబితే నోరు అరిగిపోతుందా? సరే, ఫోనులో దిక్సూచి ఉందిగా అని తెరిచి, అది చూపినవైపే బుద్ధిగా నడిచాను. ఇరవై నిమిషాలు ఎదురుచూశాక తేలిందేమిటంటే, నేను నిలబడింది తూర్పు గేటు దగ్గర. "నీకు దిక్కులు నేర్పాలంటే తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకోవడమే" అన్నారు. వెనక సీట్లో చిన్నది ఒకటే నవ్వు. అప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది.

నాకు దిక్కులు రాకపోవడమేమిటి? నాలుగో తరగతిలో మాస్టారు పొద్దున్నే మైదానంలో సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి నేర్పారు. ముందు తూర్పు, వెనక పడమర, ఎడమచేయి ఉత్తరం, కుడిచేయి దక్షిణం. ఎంత బాగా వంటబట్టిందంటే, సాయంత్రం ఇంటికి వస్తూ మళ్లీ సూర్యుడికి ఎదురుగా చేతులు చాచి అక్కకు అదే పాఠం ఒప్పజెప్పాను. అక్క నవ్వలేదు. భుజాలు పట్టుకుని నన్ను వెనక్కి తిప్పింది. నా నీడ కాళ్ల దగ్గర మొదలై గట్టు దాకా సాగి ఉంది. "అదిగో, నీ నీడ తల ఉన్నవైపు తూర్పు" అంది. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండుసార్లేనని, మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లోనని చాలా ఏళ్లకు తెలిసింది. జూన్‌లో ఈశాన్యానికి, డిసెంబరులో ఆగ్నేయానికి జరుగుతాడట. మాస్టారు ఆ సంగతి దాచిపెట్టారు.

ఎడమ, కుడి అని గోల పెట్టాను గానీ, ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆయన మాటలోనూ న్యాయముంది. నేను ఎటు తిరిగితే నా ఎడమ కూడా అటు తిరుగుతుంది. ఉత్తరం తిరగదు. ఈ మాట ఆయన ముందు మాత్రం అనను.

ఇందాక నిద్ర పట్టక ఫోను బల్లమీద పెట్టి చూశాను. సూది కిటికీ వైపు చూపింది. కవరు తీశాను. సూది వణికి, నెమ్మదిగా తిరిగి, తలుపు వైపు ఆగింది. కవరు మూతకు చిన్న అయస్కాంతం ఉంది, టప్పున అతుక్కునేందుకు. అంటే పాపం సూది రోజంతా భూమిని వదిలేసి ఆ మూతకే దణ్ణం పెడుతోంది.

ఆయన ఫోనుకూ అదే కవరు. జత కొన్నాం. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.