2786తో ఒకటో ర్యాంకు, 2801తో నాలుగో ర్యాంకు

2007 ఏప్రిల్ ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) జాబితాలో విశ్వనాథన్ ఆనంద్ 2786 రేటింగ్‌తో (ఆట బలాన్ని చెప్పే సంఖ్య) మొదటిసారి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2024 డిసెంబర్ జాబితాలో ఇరిగేశి అర్జున్ రేటింగ్ 2801, ర్యాంకు నాలుగు. పదిహేను పాయింట్లు ఎక్కువ, మూడు మెట్లు కింద. చదరంగంలో అత్యున్నత హోదా అయిన గ్రాండ్‌మాస్టర్ ఎవరిదైనా 'కెరీర్ బెస్ట్' గురించి ఎక్కడ చదివినా ఈ రెండు సంఖ్యలూ గుర్తుంచుకోవాలి. రేటింగ్ ఆటగాడిది. ర్యాంకు మాత్రం ఆ నెలలో అతనికి పైన ఎవరెవరు ఉన్నారన్నదాన్ని బట్టి వస్తుంది. అర్జున్ పైన ఆ నెల కార్ల్‌సన్, కరువానా, నకమురా ఉన్నారు. కరువానాకూ అర్జున్‌కూ తేడా నాలుగే నాలుగు పాయింట్లు.

నాలుగు పాయింట్లే కదా అనిపిస్తుంది. ఆ స్థాయిలో అవి ఎంత కష్టమో లెక్క వేసి చూద్దాం. ఒకసారి 2400 అందుకున్న ఆటగాడికి కె విలువ (ఒక గేము ఫలితం రేటింగ్‌ను ఎంతవరకు కదిలిస్తుందో చెప్పే సంఖ్య) 10. తర్వాత రేటింగ్ పడిపోయినా అది 10గానే ఉంటుంది. 2700 ఆటగాడు 2600 ఆటగాడితో ఆడితే అతని నుంచి ఆశించే స్కోరు గేముకు 0.64. గెలుపుకు స్కోరు 1, డ్రాకు 0.5; ఆశించిన స్కోరుతో తేడాను కెతో గుణిస్తారు. అంటే గెలిస్తే 3.6 పాయింట్లు వస్తాయి, డ్రా అయితే 1.4 పోతాయి, ఓడితే 6.4 పోతాయి. ఇప్పుడు తొమ్మిది రౌండ్ల ఓపెన్ టోర్నీ (ఆహ్వానం లేకుండా ఆడగలిగేది) అనుకోండి, ప్రత్యర్థులందరూ 2600 వాళ్లే. రెండు గెలిచి ఏడు డ్రా చేస్తే స్కోరు 5.5. ఒక్క ఓటమీ లేదు. ఆశించిన స్కోరు మాత్రం 5.76. కాబట్టి ఓడకుండానే 2.6 పాయింట్లు పోగొట్టుకుని బయటికొస్తాడు.

పైస్థాయి ఆటగాళ్లు ఓపెన్ టోర్నీలంటే వెనకాడటానికి ఇదో పెద్ద కారణం. సమాన రేటింగ్ ఉన్న పదిమందితో ఆడే ఆహ్వాన టోర్నీలో డ్రా అయితే పోయేదేమీ ఉండదు. అర్జున్ ఎక్కిన దారి అది కాదు, ఓపెన్లలో తనకంటే తక్కువ రేటింగ్ వాళ్లను ఒకరి తర్వాత ఒకరిని ఓడిస్తూ వచ్చాడు. దేశాల జట్లు తలపడే చెస్ ఒలింపియాడ్ 2024లో బుడాపెస్ట్‌లో జరిగినప్పుడు మూడో బోర్డు మీద 11 గేముల్లో 10 పాయింట్లు చేశాడు. ఆ ఎదుగుదలకు రావాల్సినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

ఇక 'అత్యుత్తమ ర్యాంకు' చదివేటప్పుడు జరిగే పొరపాట్లు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది లైవ్ రేటింగునూ (గేము గేముకూ మారే అనధికార లెక్క) అధికారిక రేటింగునూ కలిపేయడం. కార్ల్‌సన్ లైవ్‌లో 2889 దాకా వెళ్లాడు (2014 ఏప్రిల్), కానీ అధికారిక గరిష్ఠం 2014 మే జాబితాలోని 2882. టోర్నీ మధ్యలో తాకిన శిఖరం, చివరి రౌండ్ ఓడితే జాబితాకు చేరదు. పాత కాలంలో ఈ నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే నెలనెలా జాబితా వెలువడటం 2012 జూలై నుంచే. అంతకుముందు జాబితాకూ జాబితాకూ మధ్య నెలల ఎడం ఉండేది. 2005 మార్చిలో పోటీ చదరంగం మానేసిన కాస్పరోవ్ 2006 జనవరి జాబితాలో కూడా 2812తో ఒకటో స్థానంలోనే ఉన్నాడు. ఏడాదిపాటు రేటెడ్ గేము ఆడకపోతేనే పేరు ర్యాంకుల్లోంచి తీస్తారు. రేటింగ్ మాత్రం అలాగే ఉండిపోతుంది.

సమాన రేటింగులు వచ్చినప్పుడూ చిక్కే. 1996 జనవరిలో కాస్పరోవ్, క్రామ్నిక్ ఇద్దరిదీ 2775. ఎక్కువ గేములు ఆడాడు కాబట్టి క్రామ్నిక్‌కు ఒకటో స్థానం దక్కింది. 'మాజీ ప్రపంచ నంబర్ వన్' అన్న మాట వెనక ఒక్కోసారి ఇంత సన్నని గీత ఉంటుంది. దాని పక్కనే 2011 జూలై నుంచి కదలకుండా ఉన్న కార్ల్‌సన్ ఒకటో ర్యాంకును పెడితే రెండూ ఒకే మాటలో ఇమడవు. అందుకే ర్యాంకుతో పాటు ఎన్ని నెలలు నిలిచిందో కూడా చూడాలి.

మహిళల ర్యాంకు విషయంలో ఒక స్పష్టత అవసరం. మహిళల జాబితా వేరు, రేటింగ్ వేరు కాదు. అందరికీ ఒకే లెక్క, ఒకే కొలమానం. 2007 అక్టోబర్‌లో కోనేరు హంపి 2606కు చేరినప్పుడు, జుడిత్ పోల్గార్ తర్వాత 2600 దాటిన రెండో మహిళ అయింది. ఆమె గరిష్ఠం 2009 జూలైలోని 2623. జుడిత్ అయితే అందరూ కలిసిన జాబితాలోనే ప్రపంచ 8వ ర్యాంకు దాకా వెళ్లింది. ర్యాంకు ఏ జాబితాలోదో చెప్పకపోతే ఆ అంకెకు అర్థమే ఉండదు. ఆలోచనకు ఇచ్చే సమయాన్ని బట్టి ఉండే క్లాసికల్ (ఎక్కువ సమయం), ర్యాపిడ్ (తక్కువ), బ్లిట్జ్ (అతి తక్కువ) కూడా మూడు వేర్వేరు జాబితాలు.

టైటిల్‌కూ ర్యాంకుకూ మధ్య దూరం 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో బాగా కనిపించింది. కిరీటం నిలబెట్టుకోవడానికి వచ్చిన డింగ్ లిరెన్ అప్పుడు 2728తో 23వ ర్యాంకులో ఉన్నాడు, సవాలు విసిరిన గుకేశ్ 5వ ర్యాంకు. గ్రాండ్‌మాస్టర్ హోదా అయితే ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. మూడు నార్మ్‌లు (టోర్నీలో నిర్ణీత స్థాయి ప్రదర్శనలు) పూర్తిచేసి, ఎప్పుడో ఒకప్పుడు 2500 అందుకుంటే చాలు.

ఎవరి గురించైనా సరిచూసుకోవాలంటే ముందు ఫిడే ప్రొఫైల్లోని నెలవారీ రేటింగ్ పట్టికలో పెద్ద అంకె ఏ నెలదో పట్టుకోండి. తర్వాత ఆ నెల టాప్ 100 తెరవండి. అక్కడితో ఆగకుండా ముందు వెనక నెలలవీ చూడండి, ఎందుకంటే గరిష్ఠ రేటింగ్, గరిష్ఠ ర్యాంకు ఒకే నెలలో రావాలని లేదు. పైవాళ్లు నాలుగు పాయింట్లు పోగొట్టుకున్న నెలలో, తన రేటింగ్ కాస్త తగ్గినా ర్యాంకు పెరుగుతుంది.